ఎప్పుడు తాగాం గనక మానడానికి?

(పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దు పల్లెలో అంబేడ్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలు. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



ఏటా ఏప్రిల్ 14న భూమి గురించి మాట్లాడతాం. రిజర్వేషన్ల గురించి, కేసుల గురించి మాట్లాడతాం. ఈసారి కూటి గురించి మాట్లాడతామంటే కమిటీ కుర్రాళ్లు నవ్వారు. "ఏం మాస్టారూ, వంటల ప్రోగ్రామా?" అన్నారు. కాదు తమ్ముళ్లూ. మనం ఏం తిన్నామో చూసే మనల్ని ఊరవతల పెట్టారు. ఇప్పుడు ఏం తినకూడదో కూడా పట్నం నుంచి చీటీ రాసి పంపిస్తున్నారు. ఆ చీటీ సంగతే ఇవాళ చెప్తాం.

రెండేళ్ల కిందట మిరపకోతలప్పుడు మా పల్లెలో ఒక చెల్లెలు వుండేది. ఇప్పుడూ వుంది, బాగానే వుంది. పేరు చెప్పం. ఇద్దరు బిడ్డల తల్లి. పొద్దున ఆటో ఎక్కితే సాయంత్రం దీపాల వేళకి ఇల్లు చేరేది. నాలుగు నెలలుగా కడుపులో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం. కూలి డబ్బులు కూడబెట్టుకుని పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయింది. అక్కడ రక్తం తియ్యలేదు, దొడ్డికి పరీక్ష చెయ్యలేదు. "నీకు గ్లూటెన్ పడదు, పాలు పడవు. రెండూ మానెయ్" అని ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టారు. కింద దుకాణంలో గ్లూటెన్ లేని పిండి పొట్లం, పాలకు బదులు బాదం పొడి డబ్బా కొనిపించారు. రెండు పొట్లాలకీ కలిపి నాలుగు రోజుల కూలి అయిపోయింది.

ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అన్నా, ఇందులో ఏం రాసిందో చదివి చెప్పు" అంది. చదివాం. చపాతీ, పూరీ, బ్రెడ్డు, కేకు, పిజ్జా, పాస్తా మానాలి. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, పనీరు, జున్ను మానాలి. అంతా విని ఆ చెల్లెలు ఒక మాట అడిగింది. "అన్నా, మానమన్నవన్నీ చదివావు గదా, వీటిలో నేను తినేది ఏది? పాలు ఎప్పుడు తాగాం గనక ఇప్పుడు మానడానికి?"

మా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి పాఠాలు చెప్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. అయినా ఆ పూట నోరు పెగల్లేదు. ఆ తర్వాత తెలిసిన డాక్టర్లని అడిగాం, దొరికినవి చదివాం. అందులో మనకి పనికొచ్చేది ఇక్కడ పెడుతున్నాం.

ముందు గ్లూటెన్ అంటే ఏంటో చూద్దాం. గోధుమ పిండి తడిపి పిసికితే జిగురుగా సాగుతుంది గదా. ఆ జిగురే గ్లూటెన్. అదొక మాంసకృత్తు. గోధుమలో వుంటుంది, బార్లీలో వుంటుంది. గోధుమ నుంచి వచ్చిన మైదా, బొంబాయి రవ్వ, సేమియాలో వుంటుంది. అంటే మన టీ కొట్లో బన్ను, బిస్కట్టు, పరోటా అన్నిటిలో వున్నట్టే. బజారులో అమ్మే ఇంగువలో చాలా రకాలకి గోధుమ పిండి కలుపుతారు, అందులోనూ వుంటుంది. వరిలో లేదు. జొన్నలో లేదు. సజ్జ, రాగి, కొర్ర, వరిగ, ఆరిక, మొక్కజొన్న, వీటిలో దేనిలోనూ లేదు.

కొంతమందికి ఈ జిగురు నిజంగానే విషం. దాన్ని సీలియాక్ జబ్బు అంటారు. గ్లూటెన్ లోపలికి పోగానే ఒంట్లో రక్షణ చెయ్యాల్సిన శక్తి తిరగబడి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. పిల్లలు ఎదగరు. విరేచనాలు, రక్తహీనత వస్తాయి. దీనికి మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ వున్న తిండి మానడమే వైద్యం. అట్లాంటి బిడ్డ మన పల్లెలో వుంటే ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. "కొంచెం తింటే ఏం కాదులే" అని పెట్టకూడదు. గోధుమ పట్టిన మరలో వెంటనే ఆ బిడ్డ జొన్నలు పట్టించకూడదు. మరలో మిగిలిన పిండి కూడా చేటు చేస్తుంది.

అయితే ఈ జబ్బు ఎంతమందికి వుంది? 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాది పోల్చి చూశారు. గోధుమ రొట్టె తినే ఉత్తరాదిలో ఇంచుమించు నూటికి ఒకరికి కనిపించింది. మన దక్షిణాదిలో పదివేలకి ఒకరి లెక్కన కనిపించింది. అంటే లేదని కాదు, చాలా అరుదు. దానికి రక్తపరీక్ష వుంది. అనుమానం గట్టిగా వుంటే గొట్టం వేసి పేగు ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. ఆ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించుకోవాలి. ముందే మానేసి పోతే జబ్బు వున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. పరీక్ష చెయ్యకుండానే మానమన్నవాడు మీకు వైద్యం చేసినట్టు కాదు, దారి మూసినట్టు.

ఇక పాల సంగతి. ఇక్కడ మా తప్పు కూడా ఒకటి వుంది, అది ముందు చెప్తాం. పాఠ్యపుస్తకంలో పాలు సంపూర్ణాహారం అని వుంటే అట్లాగే చెప్పాం. గురుకులంలో చదివే మా వాడ పిల్లాడొకడు సెలవులకొచ్చి, "మాస్టారూ, పొద్దున పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, రెండో పీరియడ్లో దొడ్డికి పరిగెత్తాల్సొస్తుంది" అన్నాడు. "అలవాటు లేక, తాగితేనే బలం వస్తుంది" అని మందలించి పంపాం. ఆ పిల్లాడిది అబద్ధం కాదు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర వుంటుంది. దాన్ని అరిగించే రసం చంటిపిల్లలందరిలో వుంటుంది. పెరిగే కొద్దీ ఎక్కువమందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో మూడింట రెండు వంతుల మంది పరిస్థితి ఇదే. ఇది రోగం కాదు, ఒంటి తీరు. వాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి, ఎందుకంటే తోడుకున్నప్పుడు ఆ చక్కెర కొంత తగ్గుతుంది. కొంచెం పాలు పోసిన టీ కూడా పడుతుంది. గ్లాసెడు పాలే పడవు. దీన్ని పట్టుకుని చంటిబిడ్డకి తల్లిపాలు మాన్పించేవాళ్లు వున్నారు. అట్లా ఎప్పుడూ చెయ్యకండి.

ఆ పిల్లాడికి పాలు పడవని చెప్పే పాఠం పుస్తకంలో ఎందుకు లేదు? రాసినవాళ్ల ఇళ్లలో పాలు వున్నాయి గనక. రాగుల పాఠం ఎందుకు లేదు? వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైచిలుకు సున్నం వుంటుంది. గ్లాసు పాలకి తక్కువేం కాదు. ఎముకలు తిన్న చిన్న చేపలు, నువ్వులు, మునగాకు, వీటిలోనూ వుంది. 2023 మార్చిలో మన రాష్ట్రంలో బడి పిల్లలకి రాగిజావ మొదలుపెట్టినప్పుడు మా బడిలో పిల్లలు గ్లాసులు ఖాళీ చేసి మళ్లీ అడిగారు. ఒక్క పిల్లాడూ కడుపు పట్టుకుని పరిగెత్తలేదు.

ఇప్పుడు పెద్దమ్మలకి తెలిసిన కథ, కుర్రాళ్లకి తెలియని కథ. మన మెట్టలో మన తాతలు తిన్నది ఏంటి? జొన్న సంకటి, సజ్జ రొట్టె, వరిగన్నం, కొర్రన్నం, గోంగూర, పచ్చిమిరపకాయ, పండగకీ పబ్బానికీ పెద్దకూర. గోధుమ లేదు. పాలు లేవు. ఇవాళ పట్నంలో డబ్బులు పోసి రాయించుకునే చీటీని మన తాతలు చదువు లేకుండానే పాటించారు! అప్పుడు దాని పేరు ఆరోగ్యం కాదు, అలగాజనం కూడు. పల్నాడులో జొన్నకూడు తప్ప సన్నన్నం దొరకలేదని ఎగతాళి చేసిన చాటుపద్యాలు శ్రీనాథుడి పేరు మీద వున్నాయి. వాటిని బడిలో మాతో చదివించి నవ్వించారు. మేమూ నవ్వాం. మధ్యాహ్నం గిన్నె మూత తియ్యడానికి మాత్రం చెట్టు చాటుకి పోయాం. నెలాఖరుకి కోటా బియ్యం అయిపోతే మా గిన్నెలో జొన్న సంకటే వుండేది మరి.

అట్లాగని పాతకాలం బంగారం అని మేం చెప్పడం లేదు. తాత ఆ జొన్నలు ఆరోగ్యం కోసం తినలేదు. వరి ఆసామి గాదెలో వుంది గనక తిన్నాడు. ఆ జొన్నయినా ఏడాది పొడుగునా లేదు. ఎండాకాలం అంబలి నీళ్లతో ఎల్లదీసిన రోజులు మా అమ్మకి ఇప్పటికీ గుర్తు. 1967లో సాగర్ కాలువ నీళ్లొచ్చి కొన్ని వూళ్లు మాగాణి అయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పల్లెల్లో రోజూ వరన్నం వండుకున్నది అప్పుడే. అదొక గెలుపు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మేం కలవం.

కాలువ అందని మెట్టచేలల్లో మాత్రం జొన్న పోయి పత్తి వచ్చింది, వరిగ పోయి మిరప వచ్చింది. 1987లో తెల్లదోమ పడి పత్తి రైతు అప్పుల్లో మునిగాడు, ప్రాణాలు తీసుకున్నాడు. అయినా పత్తి పోలేదు. గుంటూరు యార్డుకి టిక్కీలు పోయినంతకాలం మిరపా పోదు. పత్తి తినలేం. మిరపకాయతో కడుపు నిండదు. పనిచేసేది తిండి పండని చేలో, తినేది కోటా బియ్యం. ఆ బియ్యంలోకి కూర ఏది? పప్పు ధర చూడండి. గట్ల మీద మొలిచే ఆకుకూరని కలుపు మందు కొట్టి చంపారు. మన పళ్లెంలో అన్నం పెరిగింది, పక్కన వుండాల్సినవి తరిగిపోయాయి.

ఇప్పుడు ఆ జొన్నకి, కొర్రకి మంచిరోజులొచ్చాయట. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్లో వాటికి "శ్రీ అన్న" అని పేరు పెట్టారు. మనం తిన్నంతకాలం ముతక ధాన్యం. వాళ్లు తినడం మొదలుపెట్టగానే ముందు "శ్రీ" చేరింది. పట్నం దుకాణంలో కొర్రల ధర సన్నబియ్యాన్ని దాటిపోయింది. మన గిన్నెలోంచి పోయిన తిండి అద్దాల బీరువాలోకి చేరింది. మళ్లీ మన గిన్నెలోకి తెచ్చుకోవాలంటే మిరపకాయలు కోసిన కూలి చాలదు.

పాలకీ ఇట్లాంటి కథే వుంది. గేదెకి గడ్డి కోసేది ఎవరు? పేడ ఎత్తేది, కడిగేది ఎవరు? మన ఆడవాళ్లు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యాక వూరూరా పాలకేంద్రాలు వచ్చాయి. అప్పు చేసి ఒక గేదెని కొనుక్కున్న మన అక్క రెండు పూటలా పాలు కేంద్రంలో పోస్తుంది. వాయిదా కట్టాలి గదా. గిన్నె కడిగిన నీళ్లే ఇంట్లో పిల్లలకి. ఇంకొకటి చూడండి. ఆ గేదె పాలకి మైల లేదు. ఆ గేదె మాంసం తిన్నవాడు మాత్రం అంటరానివాడు. ఒకే గేదె, ఒకే రక్తం. ఏ భాగం ఎవరి నోట్లోకి పోతుందన్నదాన్ని బట్టి మైలా మడీ నిర్ణయించారు. 1985 జులైలో కారంచేడులో ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే మనవాళ్లు అడ్డుపడ్డారు. మరునాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. వాళ్ల గేదె కుడితికి వున్న విలువ మన దాహానికి లేదన్నారు. ఆ నేల మీద వుండి కూటి గురించి మాట్లాడటం వంటల ప్రోగ్రాం ఎట్లా అవుతుంది తమ్ముళ్లూ?

మళ్లీ ఆ చెల్లెలి దగ్గరకొద్దాం. కాగితం చూసి భయపడింది. మానడానికి గోధుమా లేదు, పాలూ లేవు. అయినా ఏదో ఒకటి మానాలి గదా అని వున్న కాస్త మజ్జిగ మానేసింది. చేలో ఆకలికి తినే రెండు బిస్కట్లు మానేసింది. పక్కింటివాళ్లు "కూర వేడి" అంటే పెద్దకూరా మానేసింది. మిగిలింది అన్నం, పచ్చడి. నెల తిరక్కుండానే మిరపచేలో సాళ్ల మధ్య పడిపోయింది. తోటికూలీలు టార్పాలిన్ పట్టా మీద మోసుకొచ్చారు. మేమూ సంఘం కుర్రాళ్లూ సర్కారు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ రక్తం తీశారు, దొడ్డి పరీక్ష చేశారు. రక్తం ఏడు గ్రాములు. కడుపులో కొంకిపురుగులు. ఉత్తకాళ్లతో చేలో తిరిగితే మట్టిలోంచి పాదాల గుండా ఒంట్లోకి పోయి, పేగుకి కరుచుకుని రక్తం తాగే పురుగులు అవి. పురుగుల మందు వేశారు, ఐరన్ మాత్రలిచ్చారు, కూర తినమన్నారు. మూడు నెలలకి మళ్లీ మనిషయింది.

ఆమె జబ్బుకి మానడం కాదు, చేర్చడం కావాలి. ఆమె ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తం తక్కువ వుందని తేలింది. ఈ సభలో కూర్చున్న అక్కల్లో సగం మందికి పైగా అని లెక్క వేసుకోండి. ఎక్కువ తిని ఒళ్లు బరువెక్కిన ఇంటికి రాసిన చీటీ, తిండి చాలక ఒళ్లు తూలే ఇంటికి ఎట్లా పనికొస్తుంది?

అందుకని ఏం చెయ్యాలి? మేం కొన్ని మాటలు పెడుతున్నాం. మీరు చర్చించండి.

ఒకటి. ఎవరు ఏది మానమన్నా, "ఏ పరీక్ష చేసి చెప్తున్నారు?" అని అడగండి. అడగడం అమర్యాద కాదు, మన హక్కు. ఒంట్లో బాగాలేదంటే ముందు రక్తం, దొడ్డి పరీక్ష సర్కారు ఆసుపత్రిలో చేయించండి. చీటీ పట్టుకుని సంఘం దగ్గరకి రండి, చదివి పెట్టడానికి మేమున్నాం.

రెండు. పాలు పడని పిల్లలని కొట్టి తాగించొద్దు. బడిలో, హాస్టల్లో, అంగన్‌వాడీలో వాళ్లకి గుడ్డో, రాగిజావో, వేరుసెనగ చిక్కీయో బదులు అడుగుదాం. పడేవాళ్లు తాగుతారు, వాళ్లనీ ఆపొద్దు.

మూడు. చేలోకి చెప్పులు లేకుండా దిగొద్దు. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి, పట్టేట్టు చేస్తుంది. పెద్దకూర తినడానికి సిగ్గుపడొద్దు. రక్తం తక్కువైన ఒంటికి అది మంచి తిండి.

నాలుగు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలు కూడా వున్నాయి. పక్కన కర్ణాటకలో రాగులు, జొన్నలు రేషన్ మీద ఇచ్చారు. మనకీ బియ్యం తగ్గించకుండా, పైన జొన్నలు, రాగులు, కందిపప్పు కలిపి ఇమ్మని అడగాలి. బియ్యానికి బదులు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అది మన గెలుపు, వదులుకోం.

అయిదు, అసలైనది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. అక్కడ సంఘాల్లో వున్నది ఎక్కువగా మనలాంటి దళిత ఆడవాళ్లే. బీళ్లు సాగులోకి తెచ్చారు, జొన్న, సజ్జ, కొర్ర, పప్పులు కలిపి వేశారు. విత్తనం ఇంట్లో దాచారు. తమ వూళ్లో పండిన జొన్నలని తమ వూళ్లోనే పేదింటికి రేషన్‌లాగా పంచుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వాళ్లది ఎర్రచెలక, మనది నల్లరేగడి. వాళ్ల పద్ధతి ఉన్నదున్నట్టు మనకి కుదరకపోవచ్చు. ఒకటి మాత్రం కుదురుతుంది. కాస్తో కూస్తో భూమి ఎవరి చేతిలో వుందో, ఏం తినాలో నిర్ణయించేది వాళ్లే. మన పేర అసైన్డు పట్టాలు వున్నాయి. ఆ భూములు ఎవరు దున్నుతున్నారో ఈ సభ అయ్యాక లెక్క రాద్దాం. చేతిలో వున్న ఎకరం, అరెకరంలో అయినా పత్తి పక్కన నాలుగు సాళ్లు జొన్న, కంది వేద్దాం. అమ్మడానికి కాదు, తినడానికి.

చివరిగా ఒక్క మాట. సంక్రాంతికి పట్నం నుంచి వచ్చిన మన వుద్యోగస్తుల పిల్లలు, "నాన్నమ్మా, మేం మిల్లెట్ డైట్‌లో వున్నాం" అన్నారట. నాన్నమ్మ నవ్వి, "మేం పుట్టినకాడి నుంచీ అదే కదరా, పేరు తెలియక సిగ్గుపడ్డాం" అందట. ఆ సిగ్గు ఇవాళ ఇక్కడే వదిలేసి పోదాం. మన కూడు తక్కువదని ఒకప్పుడు చెప్పినవాళ్లే ఇప్పుడు గొప్పదని చెప్తున్నారు. రెండుసార్లూ మనల్ని అడగలేదు. ఇకమీద మన కంచంలో ఏముండాలో మనం చెప్తాం.

 వెనకాల రాగిజావ కాశారు, గుడ్లు వుడికించారు. ఆ చెల్లెలే దగ్గరుండి కాసింది. తాగి పోండి.

జై భీమ్.